తలుపుల, కిటికీల సందులు మూసే ముందు

మొదట ఒక్క విషయం. కిటికీ ట్రాకు (రెక్క జరిగే గాడి) అడుగున, బయటివైపు కనిపించే, వాన నీరు పోయే ఆ సన్నని రంధ్రాలను సిలికాన్‌తో మూయకండి. ఇప్పటికే మూసి ఉంటే బ్లేడుతో కోసి తీసేయండి. మిగిలిన పనులన్నీ తీరిగ్గా చేసుకోవచ్చు. ఇది మాత్రం వచ్చే వానకు ముందే జరగాలి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. శ్రీకాకుళం పట్టణంలో రెండో అంతస్తు ఇల్లు. వీధి గుమ్మానికి టేకు తలుపు, పడక గదులకు ఫ్లష్ తలుపులు (ప్లైవుడ్ పొరలు అతికిన చదును తలుపులు), కిటికీలన్నీ అల్యూమినియం స్లైడింగ్. గాలివాన వస్తే తూర్పు కిటికీల నుంచి గదిలోకి నీళ్లు వస్తున్నాయి. దగ్గరలోని రైసు మిల్లు నుంచి ఊక బూడిద వచ్చి రోజూ కిటికీ గట్ల మీద పేరుకుంటోంది. పడక గదిలో ఏసీ ఎంతసేపు నడిచినా చల్లదనం నిలవడం లేదు. అందుకని నురగ టేపు చుట్టలు, సిలికాన్ గొట్టాలు తెప్పించి, కనిపించిన సందునల్లా మూసేద్దామని మీ ఆలోచన.

విజయనగరం చుట్టుపక్కల తలుపులు, కిటికీల పనిలో చాలాకాలంగా ఉన్నవాడిగా నేను చెప్పేది ఇదీ. సందులన్నీ ఒక రకం కావు. గోడకూ ఫ్రేముకూ మధ్య ఉన్న సందు కదలదు, దాన్ని నింపాలి. తలుపు రెక్కకూ ద్వారబంధానికీ మధ్య ఉన్న సందు రోజూ కదులుతుంది, అక్కడ నొక్కుకుని మళ్లీ లేచే పట్టీ కావాలి. ఇక కొన్ని సందులు నీరు పోవడానికో గాలి ఆడడానికో కావాలని వదిలినవి, వాటిని ముట్టుకోకూడదు. ఏది ఏ రకమో తేల్చుకోకుండా టేపు కొంటే ఆ టేపు ఆరు నెలల్లో ఊడి వేలాడుతుంది. నీళ్లు మాత్రం అలాగే వస్తాయి.

కిటికీలతో మొదలుపెడతాను. మీ అసలు బాధ అక్కడే ఉంది.

స్లైడింగ్ కిటికీ వాన నీటిని పూర్తిగా బయటే ఆపదు. అద్దం మీద పడిన నీరు జారి కింది ట్రాకులోకి దిగడం, అక్కడి నుంచి అడుగు రంధ్రాల గుండా బయటికి పోవడం, దాని తయారీలోనే ఉన్న ఏర్పాటు. రంధ్రాలు మూసుకుపోతే ట్రాకు నిండి నీరు గదివైపు పొర్లుతుంది. మీ ఊక బూడిద తడిస్తే బురదై ఆ రంధ్రాలనే ముందు మూస్తుంది. మట్టి గూళ్లు కట్టే కందిరీగలకు కూడా అవి ఇష్టమైన చోట్లు. కాబట్టి రెక్కలు ఎత్తి బయటికి తీసి, ట్రాకును పాత టూత్‌బ్రష్‌తో తోమి, రంధ్రంలో సన్నని తీగ ఆడించి, ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. నీరు ఆగకుండా బయటికి దిగాలి. కొన్ని కిటికీలకు అసలు రంధ్రాలే ఉండవు, బిగించినవారు వేయడం మరిచిపోతారు. అలాంటప్పుడు బయటి ట్రాకు గోడకు అట్టడుగున వేయించాలి. గాలి, దోమలు వస్తాయని భయమైతే ఆ రంధ్రాలకు చిన్న ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి. లోపలి నుంచి నీరు తోస్తే తెరుచుకుంటాయి, బయటి గాలికి మూసుకుంటాయి.

రంధ్రాలు శుభ్రంగా ఉన్నా తుపాను రోజున నీరు ఎందుకు వస్తుందో కూడా తెలుసుకోవాలి. గాలి కిటికీ మీద వేసే ఒత్తిడి ట్రాకులోని నీటిని బయటికి పోనివ్వకుండా నిలబెడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి సుమారు 1.7 సెంటీమీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగలదు. 100 కిలోమీటర్ల గాలి సుమారు 4.7 సెంటీమీటర్లు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఇప్పుడు మీ ట్రాకు లోపలి అంచు ఎంత ఎత్తు ఉందో స్కేలు పెట్టి కొలవండి. అది రెండున్నర సెంటీమీటర్లే అయితే 80 కిలోమీటర్ల గాలికి నీరు దాన్ని దాటుతుంది, ఎంత సిలికాన్ పూసినా సరే. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినప్పుడు గాలి వేగం సుమారుగా అంతే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గాలి 140 నుంచి 150 కిలోమీటర్లు. ఆ వేగానికి నీరు పది సెంటీమీటర్ల దాకా నిలబడుతుంది. సాధారణ స్లైడింగ్ కిటికీ ఏదీ దానికి ఆగదు. కొత్తగా కట్టించేవారు గాలివాన తగిలే గోడకు స్లైడింగ్ బదులు బందుల మీద తెరుచుకునే కిటికీ పెట్టించుకోవాలని నేను గట్టిగా చెబుతాను. గొళ్ళెం వేయగానే రెక్క రబ్బరు మీద నొక్కుకుంటుంది. స్లైడింగ్ రెక్కకు అలా నొక్కుకునే వీలు లేదు.

మీరు తూర్పు కిటికీల గురించే రాశారు. మామూలు వానలకు అది నిజమే కావచ్చు. కానీ తుపానుకు ఏ కిటికీ తడుస్తుందన్నది ఆ తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్న దాని మీద ఉంటుంది. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మనకు దక్షిణాన, విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు గాలి మనకు ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి వస్తుంది. తిత్లీ మాదిరిగా శ్రీకాకుళానికి ఉత్తరాన దాటితే గాలి మొదట ఉత్తరం నుంచి, తర్వాత పడమటి నుంచి కొడుతుంది. సముద్రం తూర్పున ఉంది కదా అని తూర్పు గోడ ఒక్కటే బాగుచేసుకున్నవారికి అలాంటి తుపానులో పడమటి గదులు తడుస్తాయి. కనుక ట్రాకులు శుభ్రం చేయడం, గోడ సందులు చూసుకోవడం నాలుగు వైపులా జరగాలి.

ఇక కిటికీ నుంచి వస్తోందనుకున్న నీరు నిజంగా కిటికీ నుంచే వస్తోందా అన్నది పరీక్షించాలి. చాలా ఇళ్లలో అది గోడ నుంచి వస్తుంది. కిటికీ కింది మూలల నుంచి ఏటవాలుగా దిగే సన్నని పగుళ్లు, సజ్జా గోడలో కలిసే చోటి పగులు, ఫ్రేము చుట్టూ ఊడిన సిమెంటు, ఇవన్నీ నీటిని లోపలికి తెచ్చి కిటికీ గట్టు మీద వదులుతాయి. ఎండ ఉన్న రోజున ఒకరు లోపల, ఒకరు బయట ఉండి గొట్టంతో నీళ్లు పట్టండి. కింద నుంచి పైకి వెళ్లాలి. ముందు కిటికీ కింది గోడ, తర్వాత ట్రాకు, తర్వాత పక్కలు, చివరికి పై సజ్జా. ఒక్కో చోట పది నిమిషాలు ఆగండి. పై నుంచి మొదలుపెడితే నీరు అంతటా జారి, ఎక్కడి నుంచి దూరిందో తెలియదు. రెండో అంతస్తు బయటివైపు చేరడానికి నిచ్చెన మీద సాహసాలు వద్దు. డాబా మీద నుంచి గొట్టం దించి పట్టవచ్చు.

సజ్జా అడుగుభాగం కూడా చూడండి. దాని బయటి అంచుకు కొంచెం లోపలగా, అడుగున పొడవునా ఒక గాడి ఉండాలి. అంచు దాటిన నీరు ఆ గాడి దగ్గర చుక్కలుగా రాలిపోతుంది. గాడి లేకపోతే నీరు సజ్జా అడుగును పట్టుకుని పాకుతూ వచ్చి కిటికీ పై అంచు మీద దిగుతుంది. తాపీమేస్త్రీలు ఎక్కువగా వదిలేసే పని ఇది. కట్టిన తర్వాత గాడి కొట్టడం కష్టం కాబట్టి, అంచు దగ్గర అడుగున సన్నని అల్యూమినియం కోణం పట్టీని సిలికాన్‌తో అంటించి బిగిస్తే అదే పని చేస్తుంది. కిటికీ బయటి గట్టుకు బయటివైపు వాటం ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. గట్టు లోపలికి వాలి ఉంటే అక్కడ సీలు ఎంత మంచిదైనా ఎప్పుడూ నీళ్లలో నానుతూ ఉంటుంది.

ఫ్రేముకూ గోడకూ మధ్య సందును నింపే పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సిలికాన్ చాలా ఇళ్లలో వృథా అయ్యేది ఇక్కడే. గొట్టం కొనేటప్పుడు దాని మీద ‘న్యూట్రల్’ అని రాసి ఉన్నదే తీసుకోండి. పూయగానే వెనిగర్ వాసన వచ్చే రకం అద్దానికి అద్దానికి మధ్య బాగానే పనిచేస్తుంది గానీ సిమెంటుకు సరిగా పట్టదు, లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు, మొత్తం గీకేయాలి. ఊడే సున్నం, బూడిద బ్రష్‌తో దులిపి, అల్యూమినియం మీద స్పిరిట్‌తో తుడిచి, గోడ పూర్తిగా ఆరాక పని మొదలుపెట్టాలి.

సందు లోతుగా ఉంటే సిలికాన్‌తోనే నింపేయడం తప్పు. నురగ తాడు అని గుండ్రంగా చుట్టలు దొరుకుతాయి. సందు కంటే కొంచెం లావుగా ఉన్నది తీసుకుని లోపలికి నొక్కి, దాని మీద సిలికాన్ వేయాలి. సందు వెడల్పు పది మిల్లీమీటర్లైతే సిలికాన్ మందం అయిదు చాలు. ఖర్చు తగ్గడం ఒక లాభం. దానికంటే పెద్ద లాభం, సిలికాన్ ఫ్రేముకూ గోడకూ మాత్రమే అంటుకుని, వెనక అంటుకోకుండా ఉండటం. ఎండకు అల్యూమినియం సాగి రాత్రికి ముడుచుకుంటుంది. రెండు పక్కలే పట్టుకున్న సిలికాన్ దానితో పాటు సాగుతుంది. వెనక కూడా అంటుకుంటే సాగే వీలులేక చిరుగుతుంది. బయటివైపు ఈ పని చేయండి. లోపలి వైపు గోడ రంగు కలవాలి కాబట్టి అక్కడ యాక్రిలిక్ సీలెంటు మేలు. సిలికాన్ మీద రంగు నిలవదు.

రెండు సెంటీమీటర్లు దాటిన సందైతే ముందు సిమెంటు మాలుతో తగ్గించుకోవాలి. డబ్బా నురగ, అంటే పాలీయురేథేన్ ఫోము, వాడవచ్చు గానీ కొంచెం కొంచెంగా. అది ఉబ్బేటప్పుడు పలుచని ఫ్రేమును వంచేయగలదు, తర్వాత రెక్క జరగదు. పైగా ఎండ తగిలితే పొడిపొడిగా రాలుతుంది కాబట్టి పైన మాలుతో గానీ సీలెంటుతో గానీ కప్పాలి. మన పల్లెల్లో కొందరు ఇప్పటికీ ద్వారబంధం వెనక గోగునార, గోనె పీలికలు కుక్కి పైన సిమెంటు మెత్తుతారు. నార తడిస్తే ఆరదు, చెదలకు దారి చూపిస్తుంది. చెక్క ద్వారబంధం ఉన్న చోట సందు మూయడానికి ముందు మట్టి గీతల్లాంటి చెదల దారులున్నాయేమో టార్చి వేసి చూడండి. ఉంటే ముందు వాటికి మందు పెట్టించాలి. లోపల చెదలను ఉంచి పైన సీలు వేస్తే అవి కనబడకుండా పనిచేసుకుంటాయి.

స్లైడింగ్ రెక్కల అంచుల్లో నూలు కుచ్చులా ఉండే పట్టీ ఉంటుంది. ఊల్ పైల్ అని అడిగితే అల్యూమినియం పనివారు ఇస్తారు. మీ ఊక బూడిదకు సరైన మందు ఇదే. కొన్నేళ్లకు అది ఎండకు, దుమ్ముకు అణిగిపోయి పలుచనవుతుంది. కిటికీ మొత్తం మార్చనక్కర్లేదు, పట్టీని గాడిలో నుంచి లాగి కొత్తది దూర్చవచ్చు. పాత ముక్కను కొట్టుకు తీసుకెళ్లి అడుగు వెడల్పు, కుచ్చు ఎత్తు రెండూ సరిపోల్చండి. మధ్యలో పలుచని ప్లాస్టిక్ పొర నిలబడి ఉండే రకం దొరికితే అదే కొనండి, గాలిని, బూడిదను బాగా ఆపుతుంది. రెండు రెక్కలు మధ్యలో కలిసే చోట, పైనా కిందా చిన్న చదరపు ఖాళీలు మిగులుతాయి. చాలామంది వాటిని గమనించరు. వాటికి దట్టమైన కుచ్చు ముక్క గానీ రబ్బరు ముక్క గానీ అంటించాలి. రెక్క కింది చక్రాలు అరిగి ఉంటే రెక్క ఒక పక్కకు వాలి ఎన్ని పట్టీలు పెట్టినా ఒకవైపు సందు తెరుచుకునే ఉంటుంది. చక్రాలు ముందు మార్పించండి.

ఇప్పుడు తలుపులు.

టేకు తలుపు వానల్లో బిగుస్తుంది, ఎండల్లో వదులవుతుంది. చెక్క నిలువు పొడవులో దాదాపు మారదు, అడ్డ వెడల్పులోనే ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. శ్రావణంలో తలుపు పట్టేస్తోందని వడ్రంగిని పిలిచి బాగా చిత్రిక పట్టిస్తే, మళ్లీ వేసవికి అదే వైపు వేలు దూరేంత సందు కనబడుతుంది. పట్టే చోట మాత్రం పలుచగా తీయించండి. అంతకంటే ముందు రెక్క పై అంచు, కింది అంచు చూడండి. ఎవరికీ కనబడవని వాటికి రంగు, పాలిష్ వేయకుండా వదిలేస్తారు. చెక్క తేమను ఎక్కువగా పీల్చేది ఆ కోసిన కొసల దగ్గరే. ఎండాకాలంలో తలుపు దించి ఆ రెండు అంచులకూ ప్రైమరు, రంగు పట్టిస్తే తలుపు ఉబ్బడం బాగా తగ్గుతుంది. ఫ్లష్ తలుపులకైతే ఇది మరీ ముఖ్యం. బాత్‌రూము తలుపుల కింది పొరలు విడిపోవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

పట్టీ అంటించే ముందు తలుపు నిటారుగా వేలాడుతోందా చూడాలి. గొళ్ళెం వైపు పైన సందు ఎక్కువగా ఉండి కింద నేలకు రాసుకుంటోందంటే పై బందు వదులైంది. మరమేకులు తీసి, రంధ్రాల్లో జిగురు పూసిన చెక్క పుల్లలు కొట్టి, కొంచెం పొడవైన మరమేకులు బిగించండి. చాలా తలుపుల సందు అక్కడితోనే సగం పోతుంది. తలుపు మూసి గడియ వేసినా ఊగుతుంటే గడియ దూరే రంధ్రాన్ని ద్వారబంధపు మెట్టు (మూసినప్పుడు రెక్క వచ్చి ఆనే అంచు) వైపు రెండు మిల్లీమీటర్లు జరపాలి. అప్పుడు గడియే రెక్కను మెట్టుకు నొక్కి పెడుతుంది.

సందు ఎంత మందమో కంటితో చూసి చెప్పలేం. చపాతీ పిండి చిన్న ముద్దను పాలిథిన్ కవరులో చుట్టి మెట్టు మీద పెట్టి తలుపు మూసి తెరవండి. అణిగిన పిండి మందమే సందు మందం. పైన, మధ్యన, కింద విడివిడిగా కొలవండి, ఒకేలా ఉండదు. పట్టీ ఆ కొలతకు ఒకటిన్నర రెట్లు మందంగా ఉంటే మూడో వంతు అణిగి బాగా పట్టుకుంటుంది. మరీ మందంగా ఉంటే తలుపు బలవంతంగా మూయాల్సి వచ్చి బందులు లాగేస్తాయి. పట్టీని రెక్క వచ్చి ఆనే మెట్టు ముఖం మీదే అంటించాలి. రెక్క పక్క అంచుకు అంటిస్తే తెరిచి మూసేటప్పుడల్లా రాసుకుని ఊడుతుంది. అంటించేటప్పుడు లాగి సాగదీయకండి. తర్వాత అది ముడుచుకుని మూలల్లో ఖాళీలు వస్తాయి.

మీరు చూసిన చవక నురగ టేపు మన వాతావరణానికి తగదని నా అభిప్రాయం. ముక్క కోసి నీళ్లలో పిండి చూడండి. స్పాంజిలా నీరు పీల్చే రకమైతే తిరిగి ఇచ్చేయండి. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు పట్టీ ధర ఎక్కువైనా ఎండకు, తేమకు ఎక్కువ కాలం నిలుస్తుంది. లోపలి గదులకు నీరు పీల్చని నురగ రకం చాలు.

వీధి గుమ్మం దగ్గర ఇంకో సంగతి ఉంది. మన ఇళ్లలో గడప కడుగుతారు, పసుపు రాస్తారు, బొట్లు పెడతారు. దాని మీద ఏ జిగురు పట్టీ నిలవదు, నిలిచినా అక్కడ పెట్టడం ఇంట్లో పెద్దలకు నచ్చదు. కనుక కింది పట్టీని రెక్కకే బిగించాలి. అల్యూమినియం పట్టీలో రబ్బరు నాలుక ఉండే రకాన్ని లోపలివైపు మరమేకులతో బిగించండి, నాలుక గడపను తాకీతాకనట్టు ఉండాలి. వాన నేరుగా కొట్టే గుమ్మమైతే బయటివైపు రెక్క అడుగున ఏటవాలుగా చెక్కిన అడ్డ పట్టీ ఒకటి వేయించండి. రెక్క మీద జారిన నీటిని గడపకు అవతల పడేస్తుంది. గడప లేని పడక గదులకు బ్రష్ పట్టీ బాగుంటుంది, టైల్స్ ఎగుడుదిగుడుగా ఉన్నా సర్దుకుంటుంది.

మీరు కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న బంధువుల ఇంటికి కూడా ఇవే చెప్పదలిస్తే, మరమేకులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి వాడమనండి. ఉప్పుగాలికి మామూలు ఇనుప మరలు తుప్పు పట్టి పట్టీ బాగున్నా బిగింపు పోతుంది.

ఏసీ గది విషయం. 90 సెంటీమీటర్ల వెడల్పు, 210 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తలుపుకు మూడు పక్కలా మూడు మిల్లీమీటర్ల సందు, అడుగున ఒక సెంటీమీటరు ఉందనుకోండి. మొత్తం కలిపితే దాదాపు 240 చదరపు సెంటీమీటర్లు, అంటే గోడకు పదిహేనున్నర సెంటీమీటర్ల భుజమున్న చదరపు కన్నం పెట్టినట్టు లెక్క. మన తీరంలో గాలి నిండా తేమ. బయటి గాలి లోపలికి చేరిన ప్రతిసారీ ఏసీ దాన్ని చల్లబరచడమే కాదు, అందులోని ఆవిరిని నీరుగా మార్చి పైపు గుండా పంపాలి. దానికీ కరెంటే కావాలి. తలుపుతో పాటు ఏసీ పైపు దూరిన కన్నం, కిటికీ పైన జాలీ వెంటిలేటరు, ఫాల్స్ సీలింగ్ పైన గోడకు మిగిలిన ఖాళీలు చూడండి. ఫ్యాను ఆపి, బాత్‌రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి దాని తలుపు తెరిచి ఉంచి, గది కిటికీలు, బయటి తలుపు మూసి, అగరుబత్తి పొగను ఆ చోట్ల దగ్గర తిప్పండి. పొగ ఎక్కడ లోపలికి వంగుతుందో గాలి అక్కడి నుంచే వస్తోంది. కర్టెన్లకు, దుప్పట్లకు దూరంగా పట్టుకోండి. పైపు కన్నాన్ని మూసేటప్పుడు నీటి పైపు బయటివైపుకే వాలి ఉండేలా జాగ్రత్తపడండి. జాలీ వెంటిలేటరుకు శాశ్వతంగా సిమెంటు వేయొద్దు, తెరిచి మూసే అద్దం రెక్క పెట్టించండి.

అయినా ఒక మాట సూటిగా చెప్పాలి. మీ రెండో అంతస్తు పైన నేరుగా డాబా ఉంటే, గది చల్లబడకపోవడానికి పెద్ద కారణం ఎండకు కాగిన స్లాబు కావచ్చు. రాత్రి తొమ్మిదింటికి పైకప్పు కింది భాగం మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందు డాబాకు తెల్లటి పూత వేయించండి, సందుల పని తర్వాత. పెంకుటిల్లు ఉన్నవారైతే గాలి ఆపాలని తలుపులకు పట్టీలు వేయనక్కర్లేదు, పెంకుల మధ్య నుంచే గాలి ఆడుతుంది. అక్కడ దోమలకు, వాన జల్లుకు మాత్రం చూసుకుంటే చాలు.

సందులు మూయడం తుపాను రక్షణ కాదు. పెద్ద గాలికి పట్టీ కాదు, గడియ, బందు, అద్దం తట్టుకోవాలి. గాలి కొట్టే వైపు అద్దం పగిలితే లోపల ఒత్తిడి పెరిగి పైకప్పును లోపలి నుంచి ఎత్తుతుంది. రేకుల ఇళ్లకు ఇది ప్రాణాంతకం. హెచ్చరిక రాగానే పెద్ద అద్దాలకు బయట ప్లైవుడ్ బిగించడానికి వీలుగా కొక్కేలు ముందే వేయించుకుంటే మంచిది.

చివరగా మూయకూడని చోట్లు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు. నలుగురు పడుకునే గదిని పూర్తిగా బిగించేస్తే తెల్లారేసరికి తల బరువుగా ఉంటుంది. కాబట్టి హాలు వైపు తలుపు అడుగున బ్రష్ పట్టీ మాత్రం పెట్టి, ఉదయం కిటికీలు కాసేపు తెరవండి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్న బాత్‌రూము తలుపు అడుగు సందు అలాగే వదలండి, ఫ్యానుకు గాలి అక్కడి నుంచే అందాలి. వంటింట్లో బయటికి తెరుచుకునే తలుపు అడుగున పట్టీ వేయకండి. వంటగ్యాసు గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, బయటికి పోవడానికి కింద దారి ఉండాలి. బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే, పట్టీలు వేసిన గదిలో అది అసలే వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పాత తలుపుల సందులు ఇన్నాళ్లూ ఆ విషాన్ని కొంత బయటికి పంపుతూ వచ్చాయి.

మీ బాత్‌రూములో గ్యాస్ గీజరు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, కుంపటి లాంటి ప్రమాదమే దానితోనూ ఉంది కాబట్టి, దాన్ని బాత్‌రూము బయట గాలాడే చోటికి మార్పించేవరకు ఆ బాత్‌రూము వెంటిలేటరునూ తలుపు అడుగునూ ముట్టుకోకండి.